పసితనమే పునాది

కాంక్రీటు పోసిన పిదప తొలి దినాలలో తడి ఆరనివ్వరాదని మా వృత్తిలో అడుగుపెట్టిన ప్రతివారికీ మొదట నేర్పుతారు. 28 దినాల బలంలో దాదాపు మూడింట రెండు వంతులు మొదటి వారంలోనే చేకూరుతుంది. ఆ వారం ఎండనిచ్చినచో తరువాత ఎంత నీరు పోసినా లోటు పూర్తిగా తీరదు. శిశువు మెదడును గురించి చదివినప్పుడు మాకు ఈ పాఠమే జ్ఞప్తికి వచ్చినది.

జన్మించిన నాడు శిశువు మెదడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవ వంతు. మూడేండ్లు నిండేసరికి అది సుమారు 80 శాతానికి చేరుతుంది. ఆ కాలంలో నాడీకణాల నడుమ లెక్కకు మిక్కిలి సంధానాలు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి స్థిరపడతాయి, లేనివి తొలగిపోతాయి. బిడ్డ ఏడ్వగానే తల్లి పలకడం, లాలించడం, ఊసులాడడం ఈ నిర్మాణానికి సామగ్రి. భయమే నిత్యమై, ఓదార్చే పెద్దదిక్కు కరవైనప్పుడు కార్టిసాల్ అనే హార్మోను ఎడతెగక ఊరి, జ్ఞాపకానికి, ఉద్వేగాల అదుపునకు ఆధారమైన భాగాలను దెబ్బతీయగలదు.

ఇది చదువుతున్నప్పుడు మా మనస్సు బస్తరులోని బాసగూడ వైపు మళ్ళినది. తాల్పేరు ఒడ్డున వారపు సంతతో కళకళలాడిన ఆ ఊరు, 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిదప చెలరేగిన హింసకు ఖాళీ అయినది. ఆ ప్రాంతాల నుండి వేలాది ఆదివాసులు నాటి ఖమ్మం జిల్లాలోని చర్ల, భద్రాచలం అడవులకు తరలివచ్చారు. చంకన బిడ్డలతో వచ్చిన తల్లులెందరో! నాటి పసివారు నేడు ఇరవై యేండ్ల యువకులు; వారి ఒడిలో మరొక తరం పెరగవలసియున్నది.

బాల్యపు గాయాలు ఎంత దూరం వెంటాడునో 1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపినది. నాలుగు, అంతకు మించిన రకాల బాధలు బాల్యంలో అనుభవించినవారిలో కుంగుబాటు, మద్యవ్యసనం, ఆత్మహత్యాయత్నం వంటి వాని ముప్పు 4 నుండి 12 రెట్లు అధికమని తేలినది.

అయితే మెదడు కాంక్రీటు కంటె దయగలది. 1986-87లో జమైకాలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివారిని ఎంచుకొని, కొందరి ఇండ్లకు రెండేండ్లపాటు వారానికొక గంట ఆరోగ్య కార్యకర్తలను పంపారు. బిడ్డతో ఆడుట, మాటలాడుట ఎట్లో తల్లులకు చూపుటయే వారి పని. ఇరవై యేండ్ల తరువాత ఆ పిల్లల సంపాదన, అటువంటి తోడ్పాటు అందని వారికంటె 25 శాతం అధికమైనది.

2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించే మన వంటి సంస్థలు భవనాలు సులభంగా కట్టించగలవు. గుడిసె గుడిసెకూ వెళ్ళి, కోయ భాషలో తల్లితో మాటలాడగల ఒక స్త్రీకి జీతమిచ్చుట కూడ పునాది పనియే. శంకుస్థాపన ఫలకం అక్కడ ఉండదు. బలం మాత్రం తప్పక చేకూరుతుంది.