చుట్టానికి చెప్పే మాటే ఊరికి పరపతి
బందరు లడ్డూ, పెడన అద్దకం, చిలకలపూడి పూత... ఎవరికైనా సిఫారసు చేసే ముందు చూడాల్సినవి

మచిలీపట్నం:

సెలవులకు వచ్చిన చుట్టాలు తిరుగు ప్రయాణానికి సంచులు సర్దుకుంటున్నారంటే బందరు ఇళ్లలో కొన్ని ప్రశ్నలు తప్పవు. లడ్డూలు ఏ దుకాణంలో కొనాలి? అసలైన కలంకారీ చీర ఎక్కడ దొరుకుతుంది? నలుపెక్కిన గొలుసుకు పూత ఎవరు బాగా వేస్తారు? ఇంటివారు క్షణం ఆలోచించకుండా తమకు తెలిసిన పేరు చెబుతారు. చుట్టాలు ఆ మాట నమ్మి కోనేరు సెంటరు వైపు బయలుదేరతారు.

చూడటానికి ఇది చిన్న విషయం. కానీ ఆ ఒక్క మాటపై చాలా ఆధారపడి ఉంటుంది. కొన్నవారు సంతోషిస్తే మరుసటి ఏడాది పది మందికి చెబుతారు. మోసపోతే దుకాణం పేరు మరచిపోతారు గానీ ఊరి పేరు మరచిపోరు. ‘బందరు లడ్డూ ఇంతేనా’ అన్న మాట ఒక్కసారి బయటికి వెళితే నిజాయతీగా చేసేవారికీ నష్టమే. అందుకే ఊరిలోని మంచి దుకాణాన్ని, మంచి పనివారిని ఇతరులకు చెప్పేటప్పుడు ఏమి చూడాలో స్థానికులే ముందుగా తెలుసుకోవలసి ఉంది.

రోకటి పోటులోనే రుచి

బందరు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ మిఠాయి బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన బొందిలీల ద్వారా ఇక్కడికి చేరిందని పెద్దలు చెబుతారు. దీనినే తొక్కుడు లడ్డూ అంటారు. ఆ పేరులోనే తయారీ విధానం ఉంది.

మామూలు లడ్డూకు బూంది దూసి పాకంలో వేస్తారు. బందరు లడ్డూకు అలా కాదు. శనగపిండిని ముద్దగా కలిపి సన్నని పూసగా ఒత్తి నేతిలో వేయిస్తారు. ఆ పూసను రోట్లో వేసి పొడి కొట్టి జల్లిస్తారు. బెల్లం పాకం పట్టి, అందులో ఈ పొడిని కలిపి మళ్లీ రోకళ్లతో దంచుతారు. దంచుతున్నంతసేపూ నెయ్యి చేరుస్తూ, చివరికి యాలకుల పొడి వేసి ఉండలు చుడతారు. నోట్లో వేసుకోగానే పలుకు తగలకుండా కరిగిపోయే గుణం ఈ దంపుడు వల్ల వచ్చిందే. శ్రమ ఎక్కువ, నెయ్యి ఖర్చు ఎక్కువ. కాబట్టి ధరా ఎక్కువే.

ఈ లెక్క తెలిసినవారికి మంచి దుకాణాన్ని గుర్తించడం కష్టం కాదు. చాలా చౌకగా ఇస్తున్నారంటే నేతికి బదులు ఏదో చేరిందని అనుమానించాలి. ముట్టుకుంటే వేళ్లకు నెయ్యి వాసన అంటాలి. నాలుక మీద మైనంలా పేరుకుంటే అది వనస్పతి కావచ్చు. పలుకులు తగిలితే దంపుడు చాలలేదని అర్థం. మంచి దుకాణాలవారు కొనే ముందు చిన్న ముక్క రుచి చూడనిస్తారు. అడగటానికి మొహమాటపడనక్కరలేదు.

మరో మూడు విషయాలు గమనించాలి. విడిగా అమ్మే మిఠాయిల పళ్లేల వద్ద ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి అమలయ్యేలా ఆదేశించింది. దుకాణంలో 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య కనిపించాలి. తూకంలో అట్టపెట్టె బరువు కలపకూడదు. కిలో లడ్డూ అంటే కిలో లడ్డూయే, పెట్టెతో కలిపి కిలో కాదు. ఊరు దాటి వెళ్లే చుట్టాలకు ఈ మాట చెప్పి పంపడం మేలు.

లడ్డూతో పాటు గోధుమ పాలు, బెల్లం, నెయ్యితో చేసే నల్ల హల్వాకూ బందరు పెట్టింది పేరు. కొత్తవారికి లడ్డూ ఒక్కటే తెలుసు. హల్వా సంగతి స్థానికులు చెబితేనే తెలుస్తుంది.

చీరను వెనక్కి తిప్పి చూడండి

మచిలీపట్నానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని పెడనలో కలంకారీ అద్దకం అనేక కుటుంబాలకు జీవనాధారం. పారశీకంలో కలం అంటే లేఖిని, కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలంతో చేత్తో గీస్తారు. పెడనలో మాత్రం టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుతారు. గోల్కొండ నవాబుల కాలంలో ఈ రేవు నుంచి పారశీక దేశానికి అద్దకపు బట్టలు ఎగుమతి అయ్యేవి. ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకోవడానికి ఈ బట్టల వ్యాపారమూ ఒక కారణం. లతలు, పూలు, చిలుకలతో కూడిన పెడన నమూనాల్లో పారశీక ఛాయలు కనిపించడానికి కారణం ఆనాటి బేరగాళ్ల అభిరుచే. మచిలీపట్నం కలంకారీ పేరిట దీనికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

అసలైన అద్దకం ఒక్కరోజులో అయ్యేది కాదు. ముందుగా బట్టను ఉతికి గంజి పోగొడతారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. ఇనుప ముక్కలు, బెల్లం నీటిలో వారాల తరబడి నానవేసి నల్లరంగు తయారు చేస్తారు. ఆ ద్రవం కరక్కాయ పట్టిన బట్టపై పడగానే నల్లగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని అద్ది, ఆ తరువాత బట్టను రంగు నీటిలో ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపునకు చిరివేరు వాడేవారు. తరువాతి కాలంలో అలిజరిన్ వాడకం పెరిగింది. ప్రతి దశలోనూ బట్టను పారే నీటిలో జాడించాలి. అందుకే కాలువకు నీరు రాని రోజుల్లో అద్దకందారుల పని మందగిస్తుంది.

ఇంత పని జరిగే చోట తెర అచ్చు, అంటే స్క్రీన్ ప్రింటింగ్, పెద్ద పోటీగా మారింది. కలంకారీ నమూనాలనే రసాయన రంగులతో గంటల్లో అచ్చువేసి కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. చౌక బట్ట కొనడం తప్పు కాదు. చౌక బట్టను కలంకారీ ధరకు అంటగట్టడం తప్పు. కొన్నవారి డబ్బు పోవడంతో పాటు, అచ్చు కొట్టే కార్మికుడి కూలి కూడా ఆ ధరలో పోతుంది.

తేడా గుర్తించడానికి సులువైన ఉపాయం బట్టను వెనక్కి తిప్పడం. ఉడికించిన రంగు నూలులోకి ఇంకుతుంది కాబట్టి వెనుక వైపునా నమూనా కనిపిస్తుంది. తెర అచ్చులో రంగు పైపైనే ఉంటుంది, వెనుక వెలవెలబోతుంది. చేతి అచ్చులో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట కొద్దిపాటి ఎడమో, మీదపడటమో ఉంటుంది. చీర పొడవునా పువ్వులన్నీ గీత గీసినట్లు ఒకేలా ఉంటే అనుమానించాలి. వీలైతే చుట్టాలను నేరుగా పెడనలోని అద్దకపు షెడ్డుకు తీసుకువెళ్లడం ఉత్తమం. బల్లపై బట్ట పరచి అచ్చు మీద అరచేత్తో చరిచే దృశ్యం ఒకసారి చూసినవారు ఇక ఎక్కడా మోసపోరు.

చెప్పి అమ్మితే వ్యాపారం, చెప్పకుంటే మోసం

పాండురంగస్వామి ఆలయంతో ప్రసిద్ధి పొందిన చిలకలపూడికి మరో గుర్తింపు రోల్డ్‌గోల్డ్ నగలు. ‘చిలకలపూడి బంగారం’ అన్న మాట తెలుగునాట ఎగతాళిగానూ వినిపిస్తుంది. నిజానికి ఈ పనిలో దాపరికం లేదు. రాగి వంటి లోహంతో నగ చేసి పైన బంగారు పూత వేస్తారు. అసలు బంగారం కొనలేని ఇంటి ఆడపిల్లకు పెళ్లిలో మెడ నిండుగా నగ పెట్టుకునే అవకాశం ఇచ్చింది ఈ పరిశ్రమే. బంగారం ధర పెరిగే కొద్దీ కలిగినవారు సైతం ప్రయాణాల్లో ఇవే ధరిస్తున్నారు.

ఇక్కడ చూడవలసింది పూత మందం, అతుకుల నాణ్యత, దుకాణదారు ఇచ్చే హామీ. ఎన్ని నెలలకు రంగు పోతుంది, పోతే మళ్లీ పూత వేసి ఇస్తారా, దానికి ఎంత తీసుకుంటారు అని ముందే అడిగి రసీదుపై రాయించుకోవాలి. చెమట, సబ్బు, అత్తరు తగిలితే పూత త్వరగా పోతుందని చెప్పే దుకాణం నమ్మదగినది. జీవితాంతం చెక్కు చెదరదని చెప్పేవారితో జాగ్రత్త.

అసలు బంగారం కొనేవారికి కొలమానం వేరు. హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు తెలుస్తాయి.

నమ్మకమే మూలధనం

ఊరివారి నోటిమాట ఎంత దూరం తీసుకువెళుతుందో బందరుకు తెలియనిది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఈ పట్టణంలోనే. పరాయి పాలనలో ఒక చిన్న పట్టణంలో పుట్టిన బ్యాంకులో జనం తమ కష్టార్జితాన్ని దాచుకున్నారంటే, నడిపేవారు తెలిసినవారన్న నమ్మకం అందుకు పునాది. అలా మొదలైన సంస్థ దేశమంతటా శాఖలు విస్తరించింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరు పోయినా, స్థానికుల నమ్మకంతో ఒక సంస్థ ఎంత ఎదగగలదో చెప్పే ఉదాహరణగా అది నిలిచింది.

పనివారిని చెప్పేటప్పుడు

మిఠాయి బాగోలేకపోతే పోయేది కొద్ది మొత్తమే. తాపీ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, మోటారు మెకానిక్, పెళ్లి వంటవారు వంటి పనివారి విషయంలో నష్టం పెద్దది. కొత్తగా బదిలీపై వచ్చిన ఉద్యోగులు, అద్దెకు దిగిన కుటుంబాలు పూర్తిగా ఇరుగుపొరుగు మాటపైనే ఆధారపడతారు. వారికి చెప్పేటప్పుడు ఈ విషయాలు పాటిస్తే ఇరువర్గాలకూ మేలు.

- స్వయంగా చేయించుకున్న పని గురించే చెప్పాలి. విన్న మాట అయితే విన్నదని చెప్పాలి.
- ఎప్పుడు చేయించుకున్నారో చెప్పాలి. అయిదేళ్ల కిందటి మంచి మేస్త్రీ వద్ద నేడు పనివారు మారి ఉండవచ్చు.
- ఎంత ఇచ్చారో, చెప్పిన గడువుకు పూర్తయిందో లేదో చెప్పాలి.
- లోపం ఉంటే దాచకూడదు. ‘కుట్టు బాగుంటుంది, కానీ రెండుసార్లు తిప్పుతాడు’ అన్న మాట దర్జీకి అపకారం కాదు. వెళ్లేవారు ముందే ఒక వారం గడువు కలుపుకొని ఇస్తారు.
- బంధుత్వం, స్నేహం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

పనివారి పక్షాన కూడా ఒక మాట ఉంది. ఫలానా వారు పంపారంటూ వచ్చి సగం ధరకు చేయమనడం న్యాయం కాదు. మంచి పనివారు ఊరిలో నిలవాలంటే వారికి గిట్టుబాటు కావాలి.

డబ్బుకు మెచ్చుకుంటే

ఇటీవలి కాలంలో సిఫారసు సెల్‌ఫోన్‌లోకి చేరింది. దుకాణం ముందు నిలబడి వీడియో తీసి ఇదే ఊరిలో మేటి అని చెప్పేవారు పెరిగారు. వారిలో కొందరు నిజంగా తిని చెబుతారు, కొందరు సొమ్ము తీసుకుని చెబుతారు. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటి ప్రకారం వస్తువును మెచ్చుకునేవారికి వ్యాపారితో సొమ్ము సంబంధం ఉంటే ఆ సంగతి వెల్లడించాలి. ఆన్‌లైన్ అభిప్రాయాల సేకరణపై భారత ప్రమాణాల సంస్థ కూడా 2022లో ఒక ప్రమాణాన్ని రూపొందించింది.

నక్షత్రాల సంఖ్య కంటే రాసిన మాటలు చదవడం మంచిది. ఏమి కొన్నారో, ఎలా ఉందో వివరంగా రాసినదానికి విలువ ఎక్కువ. ఒకే వారంలో ఒకే తరహా పొగడ్తలు గుంపుగా వచ్చి ఉంటే పక్కన పెట్టాలి.

మోసపోతే ఎక్కడికి?

సిఫారసు నమ్మి కొన్న వస్తువు నాసిరకమైతే మొదట రసీదుతో దుకాణదారు వద్దకే వెళ్లాలి. పేరు కాపాడుకోవాలనుకునే వ్యాపారి సాధారణంగా మార్చి ఇస్తాడు. లేకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అక్కడా పరిష్కారం కాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉన్న ఫిర్యాదులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వీటన్నిటికీ ఆధారం రసీదు. రసీదు లేని బేరం చౌకగా కనిపించినా తరువాత గట్టిగా అడిగే వీలు పోతుంది.

లడ్డూకు రోకలి వేసే చేయి, పెడనలో అచ్చు చరిచే చేయి, చిలకలపూడిలో పూత వేసే చేయి బయటివారికి కనిపించవు. వారికీ కొనుగోలుదారుకూ మధ్య ఉన్నది స్థానికుల మాట ఒక్కటే. ఈసారి చుట్టాలు అడిగినప్పుడు దుకాణం పేరుతో పాటు, అక్కడే ఎందుకు కొనాలో కూడా ఒక మాట చెప్పి పంపితే బందరు పరపతి సంచిలో భద్రంగా ఊరు దాటుతుంది.