సంతకం పెట్టని కాగితం

మా ఇంట్లో నెలనెలా ఒక చిన్న తతంగం జరుగుతుంది. నాన్నగారు బాంకికి వెళ్ళి వస్తారు. పాసుపుస్తకం బల్లమీద పెట్టి, కళ్ళజోడు పంచె కొంగుతో తుడుచుకొని, పదహారువందల చిల్లర అన్న అంకెను మరొక్కమారు చూస్తారు. "తగ్గలేదు లేవే" అంటారు అమ్మతో. పెరగలేదన్నమాట మాత్రం ఎన్నడూ అనరు. ముప్ఫైరెండేళ్ళు ఒక కర్మాగారంలో పనిచేసి 2008లో విరమించిన మనిషి ఆయన. ఆ పైకం మందులకే చాలదు.

నెల్లూరు సీమలో కోస్తావెంట వున్న బిట్రగుంటలో మా మాతామహుల ఇల్లు వున్నది. ఒకప్పుడు అక్కడి రైల్వే లోకోషెడ్డు పేరు చెబితే దక్షిణదేశంలో తెలియనివారు లేరు. ఆవిరి యంజన్లు పోయినాయి, షెడ్డు వైభవమూ పోయింది. అమ్మానాన్నలు ఇప్పుడక్కడే వుంటున్నారు. తూర్పుగాలి తిరిగిన సాయంకాలం అరుగుమీద కూర్చుంటే నాన్నగారికి పాత సంగతులు గుర్తుకు వస్తాయి. ఆ సంగతులలో ఒకటి, పాఠకులలో చాలామందికి పనికివస్తుందన్న నమ్మకంతో, ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట మా తాతగారి ముచ్చట. ఆయన లోకోషెడ్డులో ఫైర్‌మాన్. 1957 వరకూ రైల్వే ఉద్యోగికి ప్రావిడెంటు ఫండే తప్ప పింఛను లేదు. ఆ సంవత్సరం పింఛను పథకం వచ్చింది. పాతవాళ్ళు ఫండులోనే వుండవచ్చు, లేదా పింఛనుకు మారవచ్చు; ఏదో ఒకటి వ్రాసి ఇమ్మన్నారు. తాతగారు ఫండే చాలన్నారు. ఒక్కసారిగా చేతికి వచ్చే పెద్ద మొత్తం ముందు నెలనెలా వచ్చే చిన్న మొత్తం ఎవరికి ఆనుతుంది? ఆ తరువాత కూడా మారడానికి పలుమార్లు గడువులు ఇచ్చారు. ఆయన కదలలేదు. వచ్చిన డబ్బు ఇంటికప్పుకూ, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ సరిపోయింది. పక్కింటి ఫైర్‌మాన్ భార్య వితంతువైనా నెలనెలా పింఛను తెచ్చుకొంటూ వుంటే, మా అమ్మమ్మ కూతురి ఇంట చేరింది. అలా ఫండును పట్టుకొని విరమించిన రైల్వేవారు తమకూ పింఛను ఇప్పించమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కాదన్నది. రెండు దారులలో ఒకటి మీరే ఎంచుకున్నారు గదా అన్నది తీర్పు సారాంశం.

మామగారి అనుభవం చూసిన అల్లుడైనా జాగ్రత్తపడవద్దా అని మీరడగవచ్చు. అక్కడే వున్నది చిక్కు.

కర్మాగారాలలో, ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారికి 1995 నవంబరులో ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది. యజమాని కట్టే ఫండులోనుంచి జీతంలో 8.33 శాతం పింఛను నిధికి మళ్ళుతుంది. కాని దానికొక హద్దు. మొదట 5,000, 2001 నుంచి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. జీతం ఎంత వున్నా లెక్క ఈ హద్దు మీదనే. మా నాన్నగారి ఆఖరి జీతం పద్నాలుగువేలు. పింఛను నిధికి చేరింది నెలకు 541 రూపాయలు. పింఛను కట్టే సూత్రం కూడా తేలికైనదే: జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి డెబ్భైతో భాగించాలి. 1995కు ముందటి సర్వీసుకు వేరే స్వల్పంగా కలుస్తుంది. ఇక పదహారువందలు ఎలా వచ్చాయో పిల్లలైనా చెప్పగలరు.

అయితే, ఈ హద్దును దాటే వీలు 1996 లోనే కల్పించారు. యజమానీ ఉద్యోగీ కలిసి కోరితే పూర్తిజీతం మీద పింఛను నిధికి కట్టవచ్చునన్నారు. ఈ సంగతి వారి సంఘం కార్యదర్శికి తెలిసింది. 2003లో ఒక ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టాడు. సంఘంలో సభ్యులు మూడువందల పైచిలుకు. వచ్చినవారు ఏడుగురు!

"ఆ పొద్దు నువ్వు యాడికి పొయ్యావు నాన్నా?" అన్నాను.

"యాడికీ పోలేదబ్బయ్యా. ఇంట్లోనే వుండా. చందా కడతా వుంటిమి గదా, వాళ్ళే చూసుకుంటారులే అనుకున్యా. ఆయన కాగితం పట్టుకొని ఇంటికి కూడా వచ్చినాడు. దాన్లో సంతకం పెడితే ఫండు తగ్గుతుందన్న్యాడు. మీ చెల్లెలి పెళ్ళికి ఫండే గదా దిక్కు! పెట్టలా."

ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఫండుతోనే చెల్లెలి పెళ్ళి జరిగింది. నా యం.ఏ. చదువు కూడా దానిమీదనే సాగింది. అయితే సమావేశానికి వెళ్ళివుంటే ఫండు ఎంత తగ్గుతుందో, పింఛను ఎంత పెరుగుతుందో లెక్కవేసి చూసుకొని వద్దనేవారు. లెక్క తెలిసి వద్దనడం వేరు, తెలియక వద్దనడం వేరు.

ఆ తరువాతి కథ పత్రికలలో చదివే వుంటారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఈ హెచ్చు పింఛను వివాదం మీద తీర్పు చెప్పింది. 2014 సెప్టెంబరు 1 నాటికి ఉద్యోగంలో వున్నవారికి మరొక గడువు ఇమ్మన్నది. ఆ గడువు పెరుగుతూ పెరుగుతూ 2023 జూలై 11 దాకా వచ్చింది. 2014 సెప్టెంబరు 1కి ముందే విరమించినవారిలో, వెనుకటి రోజులలో కోరిక వ్రాసి ఇచ్చినవారికి దారి తెరుచుకున్నది. ఇవ్వనివారికి మూసుకున్నది. నాన్నగారు మూసిన తలుపుకు ఇవతల మిగిలారు. 2014లో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు. ఆయన వెయ్యి దాటినవారు గనుక దానివల్లా లాభం లేకపోయింది.

అలాగని తప్పంతా సభ్యులదే అనలేము. సామాన్యుడికి అర్థంకాని భాషలో నిబంధనలు వ్రాసి, సంతకం పెట్టలేదేమని అడగడం న్యాయం కాదు. కాని అర్థం చేసి చెప్పడానికే గదా సంఘం! 1926 నాటి కార్మికసంఘాల చట్టం ఏడుగురు చేరితే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చునన్నది; సంఘం ఖాతాపుస్తకాలు చూసే హక్కు మామూలు సభ్యుడికి కూడా ఇచ్చింది. సంఘం పుట్టడానికి ఆనాడు ఏడుగురు చాలారు. బతకడానికి మాత్రం చాలరు.

పట్టుబట్టినవారు సాధించిన కథా వున్నది. 1979లో కేంద్రప్రభుత్వం పింఛను లెక్కను ఉదారంగా మార్చి, ఆ మార్చి 31న గాని ఆ తరువాత గాని విరమించినవారికే వర్తింపజేసింది. అంతకుముందే విరమించిన శ్రీ డి. యస్. నకారా, మరొకరూ, ఒక సంఘమూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. పింఛను యజమాని దయాభిక్ష కాదు, చేసిన సేవకు ప్రతిఫలమైన హక్కు అని ధర్మాసనం తేల్చింది. ఆ తేదీని పింఛనుదారులు నేటికీ పండుగలా జరుపుకొంటారు.

ఇంతదూరం నీతులు చెప్పిన నేనేం చేస్తున్నానని మా ఆవిడ అడిగింది. సమాధానం చెప్పడానికి తడబడ్డాను. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. మూలవేతనం, కరువుభత్యం మీద నూటికి పది మా జీతంలో కోసి, సర్కారు తనవంతు కలుపుతుంది. 2008లో కాలేజీలో చేరిన నేను అందులోనివాణ్ణే. 2023లో శాసనసభ గారంటీ పింఛను చట్టం చేసినప్పుడు మా సంఘంవారు దాన్ని చర్చించడానికి సమావేశం పెట్టారు. నేను వెళ్ళలేదు. చందా కట్టాను గదా, వాళ్ళే చూసుకుంటారనుకున్నాను. సరిగ్గా మా నాన్నగారి మాటే!

మొన్న ఆదివారం మళ్ళీ సమావేశం. "పది గంటలకన్నారుగా, కాఫీ తాగి బయలుదేరండి" అని మా ఆవిడ చొక్కా తెచ్చి ఇచ్చింది. అంతటితో ఊరుకోలేదు. "మీ తదనంతరం నాకేం వస్తుందో అది కూడా అడిగి రండి" అన్నది. ఈ ప్రశ్న మా అమ్మమ్మ ఎన్నడూ అడగలేదు. అడగవచ్చునని ఆమెకెవరూ చెప్పలేదు.

నెల్లూరులోని ఆ హాలులో కుర్చీలు ఎనభై వేశారు. నేను కూర్చున్నాక లెక్కపెట్టాను. పంతొమ్మిదిమందిమి వున్నాము. నాన్నగారికి ఫోనులో ఆ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

"ఏడుగురి కంటే మేలే అబ్బయ్యా," అన్నారు చివరకు. "వచ్చే తూరి పోయేటప్పుడు పక్కింటాయన్ని కూడా పిల్చకపో."