ఇంటి బ్రాడ్‌బ్యాండు: కంపెనీయా, పెట్టెయా?

చిలకలూరిపేటలో బ్రాడ్‌బ్యాండు కోరు గృహస్థుడు మొదట నెలసరి రుసుము నడుగును. అది యొక్కటియే చాలదు. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవిందుగారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టునకు గాజుతీగను విశేషముగా విద్యుత్ స్తంభముల మీదుగానే లాగిరి. ఇట్లు గాలిలో వ్రేలాడు తీగ యెవరిదైనను తెగుట కలదు. కావున తెగినపుడు బాగుచేయువా డెన్నినాళ్లకు వచ్చునో, రాత్రి 8 గంటలకు వేగ మెట్లుండునో ఆ వీధివారినే యడిగి తెలిసికొనవలెను.

ఇక వారిచ్చు రౌటరు మాట. తీగలో వచ్చిన సమాచారమును ఇల్లంతట రేడియో తరంగములుగా పంచునది యీ పెట్టెయే. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు గోడలు దాటి దూరము పోవును గాని వాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగములు వేగవంతములే గాని గోడల కడ త్వరగా క్షీణించును. ముందుగది మూలనున్న పెట్టె వెనుకగదిలో చదువుకొను బాలునకు అక్కఱకు రాకపోవుట కిదియే కారణము.

పరీక్ష సులభము. కంప్యూటరును తీగతో రౌటరునకు గలిపి వేగము చూడుడు. పిమ్మట తీగ లేకుండ వెనుకగదిలో చూడుడు. తీగతోనే వేగము తగ్గినచో కంపెనీవారిని పిలువుడు. గదిలో మాత్రమే తగ్గినచో పెట్టెను ఇంటినడుమ ఎత్తున నుంచుడు. అప్పటికిని చాలనిచో రెండవ రౌటరును చేర్చుడు. ఈ విచారణ లేక కంపెనీని మార్చినచో బిడ్డల చదువునకై కూర్చిన సొమ్ము పోవును, లోపము మాత్రము నిలిచియుండును.