కాంక్రీటు పని: తట్ట మోయడం నుండి మేస్త్రీ వరకు

ఇల్లు కట్టించుకొన్న ప్రతి గృహస్థుకూ స్లాబు పోసిన రోజు జ్ఞాపకం ఉంటుంది. తెల్లవారేసరికి మిక్సరు వచ్చి వాకిట నిలుస్తుంది, కొబ్బరికాయ కొడతారు, పొద్దు గుంకేలోగా ఇంటికి కప్పు ఏర్పడుతుంది. సిమెంటు ఏ కంపెనీదో, కమ్మి ఏ రకానిదో ఆయన ఏళ్ళ తరువాత కూడా చెప్పగలడు. ఆ కాంక్రీటును కలిపి, పోసి, చదును చేసినవారు ఆ పనిని ఎక్కడ నేర్చుకొన్నారని మాత్రం అడిగి ఉండడు. మంచి సిమెంటు, మంచి ఇనుము కూడా పనివాని చేతిలో చెడిపోవచ్చును. చెడిన సంగతి ఆనాడు పైకి కనిపించదు. కనుక అడగవలసిన ప్రశ్నయే అది.

కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని వాడుకగా అంటాము. ఆ మాట సరి కాదు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. అందువల్లనే పోసిన తరువాత దానిని ఆరనీయకుండా తడిపి ఉంచవలె. అయితే కలిపేటప్పుడు పోసే నీటికి హద్దు ఉన్నది. 1953లో మొదట వెలువడి, తరువాత పలుమార్లు సవరింపబడిన ఐ.ఎస్. 456 అనే భారత ప్రమాణంలో ఆ హద్దు కనిపిస్తుంది. 2000 నాటి సవరణ ప్రకారం, ఎం 20 రకం కాంక్రీటును మామూలు పాళ్ళలో కలిపినప్పుడు 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీరు ఉండరాదు. ఇసుకలో ముందే ఉన్న తేమను కూడా ఈ లెక్కలో చేర్చుకోవలె. కాని పలుచని కాంక్రీటు తట్టలో నుండి సులువుగా జారుతుంది, పరచడం తేలిక. మధ్యాహ్నం దాటి చేతులు అలసేసరికి మిక్సరు దగ్గర ఇంకొక బకెట్టు నీటికోసం కేక వినబడుతుంది. ఆ అదనపు నీరు తరువాత ఆవిరై, లోపల కంటికి కనబడని రంధ్రాలను విడిచిపోతుంది. వాటి గుండా గాలి, తేమ ఇనుమును చేరుతాయి; ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది; ఏళ్ళ తరువాత పడకగదిలో పెచ్చు ఊడి పడినప్పుడు మనం సిమెంటును తిట్టుకొంటాము. ఆ ఒక్క బకెట్టు నీటిని వద్దని చెప్పగల పనివాడే నా దృష్టిలో నేర్పరి. అట్లా చెప్పడానికి నేర్పుతో పాటు పదిమందిలో మాట చెల్లుబడి కావలసి ఉంటుంది. అది తట్ట మోసే కూలికి ఉండదు.

నేర్చుకోవలసినవి ఇంకా ఉన్నవి. కాంక్రీటును ఒకటిన్నర మీటరుకు మించిన ఎత్తు నుండి జారవిడిస్తే కంకర వేరు, సున్నితమైన పాలు వేరుగా విడిపోతాయి. వైబ్రేటరును తక్కువగా పెడితే తేనెపట్టు వలె గుల్లలు మిగులుతాయి. అతిగా పెడితే కంకర అడుగుకు దిగుతుంది. 300 మిల్లీమీటర్ల ఎత్తైన ఇనుప గొట్టంలో తడి కాంక్రీటును కూరి, గొట్టాన్ని పైకి ఎత్తి, ముద్ద ఎంత కుంగినదో కొలవడం మరొక పరీక్ష. దానిని స్లంపు పరీక్ష అంటారు. 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి 28 రోజులకు వాటి బలాన్ని పరీక్షించడం ఇంకొకటి. బిగుసుకోవడం మొదలైన మిశ్రమాన్ని మళ్ళీ నీరు పోసి కలుపరాదు. వాన ముంచుకొస్తే పోతను ఏ చోట ఆపవచ్చునో తెలిసి ఉండవలె. ఇవి తెలిసినవానిని కూలి అనడం న్యాయం కాదు.

మన ప్రాంతంలో ఈ విద్య చాలాకాలం మేస్త్రీ వెంబడి తిరిగి నేర్చుకొన్నదే. పాలమూరు జిల్లా నుండి వలస వెళ్ళిన కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టల దగ్గర పనిచేశారో లెక్క లేదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరంలో వేలమంది చేతులతో రాళ్ళు పేర్చారు. అట్టి పనిస్థలాలలో చేతికి నేర్పు వచ్చినది గాని, చేతిలో ఒక కాగితం రాలేదు. ఎందుకు అట్లా చేయవలెనో చెప్పినవారు కూడా తక్కువ. స్త్రీల సంగతి మరీ అన్యాయం. తట్టలెత్తి రెండవ అంతస్తుకు మోసేవారిలో వారెందరో ఉంటారు. వారి చేతికి తాపీ ఇచ్చిన మేస్త్రీ అరుదు. ఇరవై ఏళ్ళు కాంక్రీటు మధ్య మెలగి కూడా కూలిగానే పని మానుకొనే దుస్థితి వారిదే.

ఇప్పుడు వేరే దారులు ఏర్పడినవి. ఐ.టి.ఐ.లలో మేసన్ అనే తరగతి ఒక సంవత్సరం. ఎనిమిదవ తరగతి పూర్తిచేసినవారు చేరవచ్చును. ఇటుక పని, పూత పనితో పాటు కాంక్రీటు పని అందులో ఒక భాగం. 1998లో హైదరాబాదులో నెలకొల్పబడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీపని, కమ్మి వంచడం, సెంట్రింగు వంటి పనులలో స్వల్పకాలిక శిక్షణలు నడుపుతూ వచ్చినది. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం పనిచోటనే నేర్చుకొనేవారికి శిక్షణకాలంలో స్టైపెండు చెల్లించవలె. ఇదివరకే పని తెలిసినవారి నేర్పును పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కూడా 2015 తరువాత విస్తరించినది. నడివయస్సు మేస్త్రీలకు ఇదే ఎక్కువ ఉపయోగం.

ధ్రువపత్రం చూపితే అడ్డా మీద ఆ రోజు కూలి పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. చిన్న ఇల్లు కట్టేవారు దానిని అడగరు. పెద్ద కంపెనీలలోను, గల్ఫు దేశాలకు వెళ్ళేటప్పుడును దాని విలువ తెలుస్తుంది. అక్కడ కమ్మి కట్టేవాడు, సెంట్రింగు వడ్రంగి అనే పేర్లకు సాధారణ కూలికంటే పై జీతం ఉన్నది. నగరాలలో కాంక్రీటు ఇప్పుడు కర్మాగారంలో కలిసి, తిరిగే డ్రమ్ముల లారీలలో వస్తున్నది. పోలవరంలో 2019 జనవరిలో ఒక్క రోజులోనే 32 వేల ఘనపు మీటర్లకు పైగా పోశారు. ఇట్టి పనులకు పంపు నడిపేవారు, మిశ్రమం తయారుచేసే యంత్రం దగ్గర ఉండేవారు, దిమ్మెలు పరీక్షించేవారు కావలె. పదవ తరగతి చదివినవాడు పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ సివిల్ డిప్లొమా చేస్తే పర్యవేక్షకుడు కాగలడు. అక్కడనుండి ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో ప్రవేశించవచ్చును.

శరీరం సంగతి కూడా చెప్పవలె. తడి సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. గంటల తరబడి తగిలితే చర్మం కాలుతుంది. రబ్బరు బూట్లు, చేతితొడుగులు ఆడంబరం కావు. 1996 చట్టం వలన రాష్ట్రాలలో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ళు ఏర్పడినవి. 18 ఏళ్ళు నిండి, 60 దాటక, గడచిన ఏడాదిలో కనీసం 90 రోజులు ఈ పనిలో ఉన్నవారు పేరు నమోదు చేసుకోవచ్చును. మీ ఇంటి పనికి వచ్చేవారికి ఈ సంగతి తెలియకపోతే మీరే చెప్పండి.

పిల్లవానిని ఈ పనిలో చేర్పించదలచినవారు జిల్లాలోని ప్రభుత్వ ఐ.టి.ఐ.కి వెళ్ళి, మేసన్ తరగతి అక్కడ ఉన్నదో లేదో ముందు విచారించవలె. అది అన్ని చోట్లా ఉండదు. ప్రవేశ ప్రకటనలు సాధారణంగా పదవ తరగతి ఫలితాల తరువాత పత్రికలలో వస్తాయి.