ఆపిల్ కాని ఆపిల్ పండ్లు

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్టుకు ఒక్కొక్క ఋతువులో ఒక్కొక్క పండు వస్తుంది. ఉత్తరాది చలిప్రాంతాల నుండి ఆపిల్, మన్యపు కొండల నుండి అనాస, సీతాఫలం, తీరపు ఇసుకనేలల నుండి జీడిమామిడి వస్తాయి. మనకు ఇవన్నీ వేరువేరు పండ్లు. కాని ఇంగ్లీషులో అనాస ‘పైనాపిల్’, సీతాఫలం ‘కస్టర్డ్ ఆపిల్’, వెలగపండు ‘వుడ్ ఆపిల్’, జీడిమామిడి పండు ‘కాష్యూ ఆపిల్’. ఇవన్నీ ఆపిల్‌కు బంధువులేనా?

కావు. పూర్వపు ఇంగ్లీషులో ‘ఆపిల్’ అంటే ఏ పండైనా కావచ్చును. అందుచేత కొత్త పండు కనబడినప్పుడల్లా ఆ మాటకు మరొక మాట చేర్చి పేరు పెట్టారు. ‘పైనాపిల్’ మొదట దేవదారు జాతి చెట్ల కాయకు పేరు. అమెరికా ఖండంలో దొరికిన పండు చూపులకు ఆ కాయవలె ఉండుటచేత ఆ పేరు దీనికి వచ్చింది. తెలుగువారు చేసినదీ ఇటువంటిదే. పైనుండి వచ్చినవాటికి ‘సీమ’ చేర్చి సీమచింత అన్నారు, సీమరేగు అన్నారు.

వృక్షశాస్త్రం పేరును చూడదు, పువ్వును చూస్తుంది. ఆపిల్‌ది గులాబి కుటుంబం. వెలగది నిమ్మ కుటుంబం. జీడిమామిడిది మామిడి కుటుంబం. అంటే ఈ చివరిదానికి ఇంగ్లీషు పేరుకంటె తెలుగు పేరే శాస్త్రానికి దగ్గరగా ఉన్నదన్నమాట!

మనం తినే కండ ఎక్కడిది? ఒకే పువ్వులోని అనేక అండాశయాలు కలిసి సీతాఫలం అవుతుంది. ఇది సంకలిత ఫలం. అనేక పువ్వులు కలిసి అనాస అవుతుంది. ఇది సంయుక్త ఫలం. జీడిమామిడిలో అసలు ఫలం క్రింద వ్రేలాడే గింజకాయ. రసం నిండిన పండు ఉబ్బిన కాడ మాత్రమే. ఆపిల్‌లో కూడా కండ ఎక్కువ భాగం అండాశయానికి వెలుపల పెరిగినదే. అందుచేత ఈ రెండూ అనృత ఫలాలు. కుటుంబాలు వేరైనా ఈ ఒక్క పోలిక నిజమైనది.

ఆపిల్ అన్న మాట పండ్లతో ఆగలేదు. గొంతు ముందు ఉబ్బెత్తుగా కనబడే మృదులాస్థిని ఇంగ్లీషువారు ‘ఆదాము ఆపిల్’ అంటారు. 1976లో స్థాపించిన ఒక కంప్యూటర్ల సంస్థకూ ఇదే పేరు.

పేరును నమ్మితే ప్రమాదమూ ఉన్నది. ‘థార్న్ ఆపిల్’ అంటే ముళ్ల ఆపిల్ అని విద్యార్థి మాటకు మాట తెలుగు చేసుకొనవచ్చు. అది మన దిబ్బలమీద మొలిచే ఉమ్మెత్త! దాని ఆకు, కాయ, గింజ అన్నీ విషమే. అట్రోపిన్ వంటి విషపదార్థాలు అందులో ఉన్నవి. గింజలు తింటే నోరెండిపోయి, కనుపాపలు విచ్చుకొని, మతి తప్పుతుంది; ప్రాణం కూడా పోవచ్చు.

ఈ గందరగోళాన్ని తొలగించడానికే శాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకు రెండు మాటల పేరు వాడుతారు. 1753లో లిన్నేయస్ తన గ్రంథంలో ఈ పద్ధతిని మొక్కలన్నిటికీ అమలుపరచాడు. సీతాఫలం ఏ దేశంలోనైనా ‘అనోనా స్క్వామోజా’యే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ఆపిల్‌ను అడ్డంగా కోసి చూపవచ్చును. నడుమ అయిదు గదుల నక్షత్రం కనబడుతుంది. ఆ తరువాత సీతాఫలాన్ని విప్పి చూపితే, పేరు ఒకటైనా పుట్టుక వేరని పిల్లలే చెబుతారు.