పునీతుల జీవితాలు – విశ్వాస పాఠాలు

భక్తుల చరిత్రలు చదవడం తెలుగువారికి కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చాకలి, బోయ వంటి సామాన్య వృత్తులవారిని సైతం మహాభక్తులుగా నిలిపి, వారి కథలను ద్విపదలో గానం చేశాడు. కతోలిక క్రైస్తవ సంప్రదాయంలోనూ భక్తుల చరిత్రలకు అట్టి విశిష్ట స్థానమే ఉంది. ఆ మహనీయులను తెలుగు కతోలికులు 'పునీతులు' అని పిలుస్తారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనంలోనివి. కతోలిక కుటుంబాలలో జ్ఞానస్నానం నాడు బిడ్డకు ఒక పునీతుని పేరు పెట్టడం ఆచారం. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, జోజప్ప అంటే యోసేపు, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్. పేరు పెట్టడమంటే ఆ జీవితాన్ని బిడ్డ ముందు ఆదర్శంగా ఉంచడమే. అయితే పేతురు లోపం లేనివాడేమీ కాడు. గురువెవరో తెలియదని ముమ్మారు బొంకి, పిదప వెక్కివెక్కి ఏడ్చినవాడు. పడిన వాడు లేవగలడన్నది పునీతుల చరిత్రలు చెప్పే తొలి పాఠం.

పునీతులనగానే చాలామందికి అద్భుతాలే గుర్తుకు వస్తాయి. కాని తిరుసభ ముందుగా పరిశీలించేది జీవితాన్ని. దైవసేవకుడు, పూజ్యుడు, ధన్యుడు, పునీతుడు అన్నవి క్రమంగా నాలుగు మెట్లు. ఆ వ్యక్తి విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే గుణాలను అసాధారణంగా ఆచరించాడని సాక్ష్యాలతో తేలిన పిమ్మటనే అద్భుతాల విచారణ జరుగుతుంది. వేదసాక్షులకు మాత్రం కొంత మినహాయింపు ఉంది.

ఫ్రాన్సు దేశపు చిన్న తెరేసమ్మ 15 ఏళ్ల ప్రాయంలో మఠంలో చేరి, 1897లో 24 ఏళ్లకే క్షయవ్యాధితో మరణించింది. ఆమె గొప్ప కార్యాలేవీ చేయలేదు. తనకు నచ్చని సోదరిని చిరునవ్వుతో పలకరించడం, ప్రార్థనవేళ పక్కవారు చేసే చప్పుడును ఓర్చుకోవడం వంటి చిన్న పనులనే దైవానికి అర్పించింది. అదే ఆమె బోధించిన 'చిన్న మార్గం'. మఠం దాటి వెళ్లని ఈ యువతిని 1927లో వేదప్రచారానికి పాలక పునీతురాలిగా ప్రకటించారు.

మదర్ థెరిసా చరిత్ర ఇంకా లోతైన ప్రశ్నను మన ముందుంచుతుంది. 2007లో వెలువడిన ఆమె లేఖలు లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. దాదాపు అర్ధశతాబ్దం పాటు దైవసాన్నిధ్యం తన అనుభవానికి అందలేదని, అంతరంగమంతా చీకటేనని ఆమె వాటిలో వెల్లడించింది. అయినా ప్రార్థన మానలేదు. రోగుల సేవ మానలేదు. 2016లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అనుభూతి కలిగినప్పుడు నమ్మడం సులభం. అది కరవైనప్పుడు కూడా కర్తవ్యాన్ని విడువకపోవడమే విశ్వాసమని ఆమె జీవితం బోధిస్తుంది.

ఈ వేదన మనకు అపరిచితం కాదు. కోదాడకు చేరువలోని నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో రాముని పిలిచి, నిష్ఠురమాడి, అలిగాడు. అయినా పిలవడం మానలేదు. నిష్ఠురం కూడా నమ్మకానికి మరో రూపమే. నమ్మకం లేనివాడు ఎవరిపై అలుగుతాడు?

సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే జాతీయ రహదారిలో విజయవాడ చేరి, మరికొంత ముందుకు వెళితే గన్నవరం సమీపాన పెద అవుటపల్లి వస్తుంది. 1945లో మరణించిన దైవసేవకుడు బ్రదర్ జోసఫ్ తంబి సమాధి అక్కడ ఉంది. ఆయన గురువు కాదు, పీఠాధిపతి కాదు. నిరాడంబర జీవనం గడిపిన సోదరుడు. అయినా నేటికీ ఏటా జనవరిలో వేలాది భక్తులు అక్కడికి తరలివస్తారు. వారిలో చాలామంది కోరికలతో వస్తారు. అది మానవ సహజం. కాని పునీతుల నుండి కోరదగిన వరం ఒకటున్నది. అది వారి ఓర్పు. ప్రార్థనకు బదులు రాని నాడు, ప్రయత్నం ఫలించని నాడు, చేయవలసిన మంచిని చేస్తూ పోగల నిబ్బరమే ఆధ్యాత్మిక జీవితం. ఏ మతానికి చెందిన విద్యార్థి అయినా వీరి జీవితాల నుండి గ్రహించదగిన సారమిదే.