మీకు తెలుసా? ‘వాంట్’ అంటే మొదట కోరిక కాదు

హైదరాబాద్‌లోని విద్యానగర్, అశోక్ నగర్ గల్లీల్లో కరెంటు స్తంభాల మీద ‘రూమ్మేట్ వాంటెడ్’ అన్న కాగితాలు కనిపిస్తుంటాయి. ఆ ‘వాంట్’కు తొలి అర్థం కోరుకోవడం కాదు, లేకపోవడం! పాత నార్స్ భాషలో ‘కొరవడు’ అనే అర్థమున్న ‘వాంటా’ నుంచి 1200 ప్రాంతంలో ఇంగ్లిషులోకి వచ్చింది. కోరిక అన్న అర్థం స్థిరపడింది 18వ శతాబ్దంలోనే. లేనిదాన్నే కదా కోరుకుంటాం, అర్థం అలా మారింది.

పాత అర్థం ఇంకా చావలేదు. ‘ఫర్ వాంట్ ఆఫ్ ఎవిడెన్స్’ అంటే సాక్ష్యం కావాలని కాదు, సాక్ష్యం లేనందువల్ల అని. ‘వేస్ట్ నాట్, వాంట్ నాట్’ అంటే వృథా చేయకుంటే కొరత రాదని. పోటీ పరీక్షల్లో తడబడే చోటు ఇదే.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంకో మాట. ‘ఐ యామ్ వాంటింగ్ ఎ బుక్’ అనకండి. ‘ఐ వాంట్ ఎ బుక్’ చాలు. ఇంటర్వ్యూలో మాత్రం అదీ కాస్త పెళుసుగా వినిపిస్తుంది. అక్కడ ‘ఐ వుడ్ లైక్’ అనండి.